పదును ఆదివారం వస్తే

అనంతపురం ఎర్రనేలలో పదును రెండు రోజులుంటుంది. గట్టి వాన పడితే మూడు. మృగశిర, ఆరుద్ర కార్తెల్లో సాయంత్రం మోడం పట్టి రాత్రికి వాన దిగితే, తెల్లారగానే చేనికి పోయి మట్టిని పిడికిట్లోకి తీసుకుని నొక్కి చూస్తారు. ముద్దగా నిలిచి, వేలితో తాకగానే విరిగితే గొర్రు కట్టొచ్చు. ఆ మర్నాటి నుంచి ఎండా పడమటి గాలీ ఆ తడిని పీల్చేస్తాయి. మళ్లీ వాన పది రోజులకు రావచ్చు, నెలకు రావచ్చు, ఆ ఏడు రాకపోనూవచ్చు. లెక్క ప్రకారం ఇక్కడ ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. ఆ సగటును నమ్ముకుని ఎవరూ విత్తనం వేయరు.

ఆ వాన శనివారం రాత్రి పడితే ఏం చేయాలి? మా పాలెంలో అది నాలుగు తరాల ప్రశ్న. ఆదివారం గుడికి పోవాలి, చేనికి పోకూడదు. పోతే సంఘ పెద్దలు పిలిపిస్తారు, పేరు పుస్తకంలో రాస్తారు, ప్రభు బల్లకు దూరం చేస్తారు. మాది పుట్టపర్తి వైపు. ఆ పేరు వినగానే లోకానికి ప్రశాంతి నిలయం గుర్తొస్తుంది. చిత్రావతి వెంబడి, బుక్కపట్నం చెరువు చుట్టుపట్ల పల్లెల్లో తరతరాలుగా కిరస్తానం ఇళ్లు కూడా ఉన్నాయి. అలాంటి ఇంట్లో పుట్టి, ఇక్కడి బడుల్లో టీచరుగా చేసి, ఇప్పుడు మా పాస్టరేట్ కమిటీలో కూర్చుంటున్నదాన్ని నేను. ధర్మశాస్త్రం గొప్పదా, కృప గొప్పదా అని పెద్ద సభల్లో ప్రసంగాలు చాలా విన్నాను. మా నేలమీద ఆ గొడవ ఎప్పుడూ ఇంత చిన్న రూపంలోనే వచ్చింది: ఈ పొద్దు గొర్రు కట్టాలా, వద్దా?

ఈ నియమం మా ఊళ్లో పుట్టింది కాదు. దాని కథ తెలియాలంటే ఒంగోలు దాకా పోవాలి. 1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ అక్కడికి వచ్చాడు. కనిగిరి వైపు తాళ్లకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం చేసేవాడు, మాదిగ. క్లౌను కలవకముందే గురువుల వెంట తిరిగి, యోగమార్గంలో దేవుణ్ణి వెతికినవాడు. అతనూ భార్య నాగమ్మా 1866లో బాప్తిస్మం తీసుకున్నారు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిది మందితో మొదలైంది. పేరయ్య చుట్టాల ద్వారా, బేరాలకు తిరిగే దారుల వెంట, ఆ మాట పల్లెపల్లెకూ పోయింది.

అప్పట్లో ఒంగోలులో పై కులాల వాళ్లు కొందరు క్లౌ దగ్గరికి వచ్చిపోతుండేవాళ్లు. మాదిగలను చేర్చుకుంటే మేం రామని వాళ్లు తెగేసి చెప్పారు. ఆ రోజు క్లౌ ఒక గదిలో, ఆయన భార్య ఇంకో గదిలో, ఒకరికి తెలియకుండా ఒకరు బైబిల్ తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం కనబడిందట. కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో, లోకం తక్కువగా చూసేవాళ్లనే దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పే చోటు. మాదిగలే రావాలని తేల్చుకున్నారు. నాకు ఈ కథలో నచ్చేది అద్భుతం కాదు, వాళ్లు తలుపు దగ్గర పెట్టుకున్న వరుస. పరీక్ష ముందూ పిలుపు తర్వాతా కాదు. పిలుపే ముందు.

పిలిచాక క్లౌ మూడు నియమాలు పెట్టాడు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. మూడే. అపొస్తలుల కాలంలో యెరూషలేములో పెద్దలు కూడి, అన్యజనుల మీద సున్నతి భారం మోపకుండా నాలుగు సంగతులు మాత్రం చెప్పి పంపారని అపొస్తలుల కార్యాల్లో ఉంది. ఒంగోలు జాబితా అంతకంటే చిన్నది.

చిన్నదే గానీ, అందులో ఒక్కొక్కటీ ఊరి కట్టడిని పట్టుకుని కదిపింది. మాదిగ ఇల్లు ఊరికి కట్టుబడి ఉండేది. చెప్పులు కుట్టాలి, కపిలకు తోలు బాన కుట్టాలి, చచ్చిన గొడ్డును ఊరి బయటికి లాగాలి, జాతరకు తప్పెట కొట్టాలి, కబురుకు పరుగెత్తాలి. బదులుగా కళ్లంలో మేర కింద కొన్ని చేటల గింజలు, చచ్చిన గొడ్డు మాంసం. వారంలో ఏ రోజైనా, ఏ జాములోనైనా రెడ్డి మనిషి వచ్చి వాకిట్లో కేకేస్తే లేచి పోవాల్సిందే. అలాంటి ఇంటికి వారానికొక రోజు నాది అని చెప్పే హక్కు వచ్చింది. ఈ దేశంలో కూలివాడి వారపు సెలవు ఏ చట్టంలోనూ లేని రోజుల్లో, మాదిగ తన రోజుకు తాను గడి పెట్టుకున్నాడు. చచ్చిన గొడ్డు తిననన్నవాడు ఊరు విసిరేసినది నేను తిననన్నాడు. తప్పెట కొట్టనన్నవాడు, మీ అమ్మవారి ముందు నా నడుం వంగదన్నాడు. అవి నియమాలని పిలవడానికి నాకు నోరు రాదు. ఒక జాతి మొదటిసారి వెన్ను నిటారు చేసుకోవడానికి దొరికిన ఊతలవి.

ఊరు ఊరుకోలేదు. ఆ కాలపు సంగతులు క్లౌ, ఆయన రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ రాసిపెట్టారు. చాకలి బట్టలు ఉతకకూడదన్నారు, కుమ్మరి కుండలు అమ్మకూడదన్నారు, పశువులను మేత బీడుల నుంచి తరిమారు, చెప్పుల పని ఇవ్వకుండా చేశారు, కోతల్లోకి రానీయక మేర ఎగ్గొట్టారు. ఆదివారం పని మానినందుకు ఒక ఇల్లు ఏడాది తిండి పోగొట్టుకునేది. అయినా నిలబడ్డారు. ఆ మొదటి తరానికి ఆదివారం కృపే. ఎందుకంటే దాన్ని వాళ్లు ఎంచుకున్నారు, దాని ఖరీదు వాళ్లే కట్టారు.

మా వైపు సువార్త వేరే దారిన వచ్చింది. దత్త మండలాల్లో లండన్ మిషన్ వాళ్లు ముందు బళ్లారిలో 1810లో దిగారు, తర్వాత కడపలో 1822లో, గుత్తిలో 1881లో, అనంతపురంలో 1890లో. ఇది కాంగ్రిగేషనల్ పద్ధతి. అంటే బిషపు ఉండడు. ఎవరిని చేర్చుకోవాలి, ఎవరిని ఆపాలి అనేది సంఘ సభ్యులే కూర్చుని తేల్చుకోవాలి. ఎంత మంచి ఏర్పాటో అది! ఊరి పంచాయతీలో చెట్టు నీడ దాకా రానివ్వని మనుషులు ఇక్కడ తమ సంగతి తామే విచారించుకున్నారు. అయితే ఆ పంచాయతీలో పెద్దరికం ఎవరికి దక్కింది అన్న దగ్గర కథ మలుపు తిరిగింది. చదువు వచ్చినవాళ్లకు, మిషన్ బడిలో నెల జీతం అందుకునేవాళ్లకు, దొరగారు గుడారం వేస్తే పక్కన నిలబడగలిగినవాళ్లకు దక్కింది. నెల జీతగాడికి ఆదివారం విశ్రాంతి ఖర్చులేని భక్తి. మిగతా పాలెమంతా వాన మీదా, ఎద్దులున్న రైతు మీదా ఆధారపడింది.

ఎద్దుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఈ తరం పిల్లలకు ట్రాక్టరు తప్ప తెలియదు. పాలెంలో చాలా ఇళ్లకు ఎకరమో రెండెకరాలో గరువు నేల ఉండేది గానీ కాడి ఉండేది కాదు. రైతు దగ్గర ఎద్దులు అడుక్కోవాలి. ఒక రోజు కాడి ఇచ్చినందుకు ఇంటి మనిషి కొన్ని రోజులు ఆ రైతు చేలో ఊరికే పని చేసి తీర్చాలి. పదునైన రోజున రైతు ముందు తన చేను విత్తుకుంటాడు, తర్వాత అన్నదమ్ముల చేను, ఆ తర్వాత అల్లుడిది. అందరిదీ అయ్యాక, అలిసిన ఎద్దులు పాలెం వైపు వస్తాయి. అది ఏ వారమైతే ఆ వారం. ఆదివారమని వెనక్కి పంపితే ఆ ఏటికి అంతే. పదునూ పోతుంది, కాడీ పోతుంది.

మా జేజికి, అంటే మా నాయనమ్మకు, అదే జరిగింది. రెండో ప్రపంచ యుద్ధం రోజులు. అప్పటికే వరసగా వానలు తప్పాయి. ఇంట్లో విత్తనానికని గురిగిలో దాచిన సజ్జలు, కొర్రలు తప్ప గింజ లేదు. మా నాయన అప్పుడు గొర్రు వెంట నడిచే వయసు పిల్లోడు. శుక్రవారం రాత్రి వాన పడింది. శనివారమంతా ఎద్దులు రైతు చేలో ఉన్నాయి. ఆదివారం తెల్లారేసరికి కాడి మా చేని గట్టున నిలిచింది. జేజి గుడిగంట విని కూడా కొంగు నడుముకు చుట్టుకుని విత్తనం పట్టింది. పొద్దు వాలేలోపు రెండెకరాలూ పడ్డాయి.

మరుసటి వారం గుడిలో పిలిచారు. పెద్దమనిషి వరసకు ఆమెకు మామ.

"ఏమ్మా, దేవుని దినమని తెల్దా?"

"తెలుసు మామా. ఎద్దులు రెడ్డివి, పదును వానది. నా చేతిలో ఏముండాదని నేను దినం చూసుకోవాల?"

జవాబు మా ఇంట్లో అందరికీ నోటికొచ్చు. తీర్పు కూడా. మూడు నెలలు బల్లకు దూరం. సంఘమంతా వరసగా మోకరించి రొట్టె తీసుకుంటుంటే, ఆమె వెనక గోడ దగ్గర కూర్చోవాలి. ఉపదేశి పుస్తకంలో పేరు రాశాడు. ఆయనదీ మిషన్ జీతమే, ఎదురు చెప్పలేకపోయాడు. ఆయన భార్య బైబిల్ స్త్రీగా ఊళ్లు తిరిగేది. ఆమె మాత్రం ఆ మూడు నెలలూ మా జేజి ఇంటికి వచ్చి, ఒకే తట్టలో సంగటి ముద్ద పెట్టుకుని తిని, ప్రార్థన చేసి పోయేది. ఆ బైబిల్ స్త్రీ ఎవరి అనుమతీ అడగలేదు, ఎవరికీ లెక్క చెప్పలేదు. మా జేజి బతికినంత కాలం ప్రభు భోజనం అంటే ముందు ఆ సంగటి సంగతే చెప్పేది.

ఆ రెండెకరాల్లో పండిన సజ్జల్లోంచి పిడికెళ్లు పిడికెళ్లుగా తీసి కోత పండగకు కానుక పోశారు. కానుకను ఎవరూ వద్దనలేదు. నాకు కోపమంతా అక్కడే.

అదే పుస్తకంలో రాయనివి ఏవో కూడా చూడాలి. నేను పెరిగిన రోజుల్లో మాల ఇళ్లవాళ్లూ మాదిగ ఇళ్లవాళ్లూ ఒకే గుడిలో వేరువేరు పక్కల కూర్చునేవాళ్లు. పెళ్లి సంబంధాలు కలుపుకునే మాటే లేదు. ఒకరింట్లో ఒకరు తినే దగ్గర కూడా సాకులు ఉండేవి. దానికి ఎవరినీ బల్లకు దూరం చేసినట్టు నేను వినలేదు. నిజానికి మిషనరీలు కులాన్ని తేలిగ్గా తీసుకోలేదు. మద్రాసు మిషనరీల సమావేశం 1850లోనే గట్టి తీర్మానం చేసింది. అంటరానివాళ్లని ఊరు దూరంగా ఉంచినవాళ్ల చేతి వంట తినడానికి ఒప్పుకోనివాడు కులం విడిచినట్టు కాదని, అలాంటివాణ్ణి సంఘంలో చేర్చుకోకూడదని. ఆ పరీక్ష పైనుంచి వచ్చేవాళ్ల కోసం పెట్టింది. కిందివాళ్లలో కిందివాళ్ల మధ్య గీత గురించి దానికి తెలియదు. అంతియొకయలో పేతురు అన్యజనులతో కలిసి తింటూ, యెరూషలేము నుంచి కొందరు రాగానే పంక్తి నుంచి లేచి పక్కకు పోయాడని, పౌలు అందరి ముందూ నిలదీశాడని గలతీయులకు రాసిన పత్రికలో ఉంది. పౌలుకు కోపం వచ్చింది పంక్తి విడిచినందుకు. మా పుస్తకాల్లో పంక్తి విడవడం తప్పుల పట్టికలోకే రాలేదు. పదునులో విత్తడం మాత్రం ఎక్కింది.

మా జేజి కథలో కరువు మాట వచ్చింది కాబట్టి మళ్లీ ఒంగోలు సంగతి చెప్పాలి. 1876 నుంచి 1878 దాకా వచ్చిన కరువు బళ్లారి, కర్నూలు, కడప సీమల్ని ఊడ్చేసింది. అప్పటికి అనంతపురం బళ్లారి జిల్లాలోనే ఉండేది, 1882లో గానీ వేరు కాలేదు. ఒంగోలు వైపు క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి పని పెట్టాడు. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. ఆకలితో వచ్చినవాళ్లు పగలు మట్టి మోసి, పని ఆగిన వేళల్లో వాక్యం విన్నారు. వేలమంది బాప్తిస్మం అడిగారు. ఆయన ఇవ్వనన్నాడు. గింజల కోసం వచ్చారని మాట పడుతుందని, వాళ్ల విశ్వాసానికే మచ్చ వస్తుందని ఆపాడు. పదిహేను నెలలు ఆపాడు. కూలి పనులు నిలిచిపోయి, ఇక ఇచ్చేది ఏమీ లేదని చెప్పి పంపాక కూడా వాళ్లు తిరిగి వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఏట్లో, వెల్లంపల్లి దగ్గర, ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరుగా నీళ్లలో దిగి, అలిసినప్పుడు మారుతూ ఇచ్చారు. క్లౌ ఒక్కరికీ స్వయంగా ఇవ్వలేదు.

ఆ ఆపడం కూడా నియమమే కదా అని అడగొచ్చు. నేను దాన్ని వేరుగా చూస్తాను. ఆ నియమం బరువు మోసింది ఆకలిగొన్నవాడు కాదు. తిండికీ కూలికీ బాప్తిస్మంతో ముడిపెట్టలేదు. అడిగినవాడికల్లా పని దొరికింది. ఆగింది మిషన్ లెక్కల పుస్తకం, నివేదికలో రాసుకునే పెద్ద అంకె. తన చేతిని తాను కట్టుకున్న నియమం అది. మా సీమలో ఇలాంటిదాన్ని ఇంకా దూరం తీసుకుపోయినవాడు విన్సెంట్ ఫెర్రర్. స్పెయిన్ నుంచి వచ్చిన జెసూట్ ఫాదర్, 1969లో అనంతపురం చేరాడు, మరుసటేడు ఆ సభను విడిచి పెళ్లి చేసుకున్నాడు. మఠం నియమం లెక్కన అది వ్రతభంగం. బావులు తవ్వించి, ఇళ్లు కట్టించి, ఎవరినీ మతం అడగని ఆ మనిషి 2009లో పోతే బత్తలపల్లిలో పెట్టిన ఆయన సమాధి దగ్గరికి జిల్లా అంతా నడిచివచ్చింది. మా పాలెంవాళ్లకు ఆయన ఏ సంఘం మనిషన్నది ఎన్నడూ పట్టలేదు.

పాలెం స్థాయి దాటి పైకి పోతే కూడా ఇదే గొడవ వేరే బట్టలో కనిపిస్తుంది. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, మా లండన్ మిషన్ సంఘాలు ఉన్న దక్షిణ ఇండియా ఐక్య సంఘమూ కలిశాయి. బిషపు చేతులుంచి అభిషేకించని మా పాదిరీలను మళ్లీ అభిషేకించకుండానే పాదిరీలుగా ఒప్పుకున్నారు. అదే కొందరికి మింగుడు పడలేదు. పక్కనే ఉన్న నంద్యాల ఆంగ్లికన్లు, వేలాది కుటుంబాలు, అందులో చేరలేదు. బిషపు పరంపర లేని చేతి నుంచి రొట్టె తీసుకోవడం వాళ్ల మనస్సాక్షికి ఒప్పలేదు. వాళ్ల భక్తిని నేను తక్కువ చేయను. అయితే కోయిలకుంట్లకో నంద్యాలకో ఇచ్చిన మా ఆడపడుచులు, పెళ్లితో ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు పరాయివాళ్లయ్యారు. కలకత్తాలోనూ లండన్‌లోనూ సాగిన వాదం పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డ మోకాళ్ల దాకా వచ్చింది. 1970లలో గానీ నంద్యాల వాళ్లు వచ్చి కలవలేదు. ఇప్పుడు రాయలసీమ, నంద్యాల రెండూ ఒకే సంఘంలో అధ్యక్ష మండలాలు.

ఇంకొక ధర్మశాస్త్రం ఢిల్లీ నుంచి వచ్చింది. 1950 షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ప్రకారం హిందూ మతం తప్ప వేరేది పాటించేవాడు షెడ్యూల్డు కులం కిందికి రాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు గానీ క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో 1970 నుంచి షెడ్యూల్డు కులాల నుంచి క్రైస్తవులైనవాళ్లను బి.సి.-సి కింద పెట్టి ఒక్క శాతం ఇచ్చారు. ఇది కాగితం మీద చదివితే నాలుగు ముక్కలు. బడిలో అడ్మిషన్ రిజిస్టరు ముందు కూర్చుని చదివితే వేరు. జూన్‌లో తల్లులు పిల్లల చెయ్యి పట్టుకుని వచ్చేవాళ్లు. కులం అన్న గడి దగ్గర వాళ్ల గొంతు తగ్గిపోయేది. ఇంట్లో ఏసయ్య పేరుతో పిలుచుకునే పిల్లకు రిజిస్టరులో ఇంకో పేరు. హాస్టలు సీటు, స్కాలర్‌షిప్పు, రేపటి ఉద్యోగం అన్నీ ఆ గడిలో ఉన్నాయి. ఊరు మాత్రం ఆ తల్లిని గుడికి పోయినా మానినా అదే కులం పేరుతో పిలుస్తుంది, టీ అంగట్లో గ్లాసు విషయంలో ఒకప్పుడు అదే లెక్క చూసింది.

సంఘాల్లో కొందరు పెద్దలు ఇలాంటివాళ్లను అబద్ధీకులన్నారు, బల్ల దగ్గర ఆపారు. నేనేమనుకుంటానో దాచుకోను. అన్యాయం ఆ తల్లి రాసిన పేరులో లేదు, మతం మారితే కులం బాధ పోతుందని ఊహించుకున్న ఉత్తర్వులో ఉంది. పెద్దలు నిలదీయాల్సింది ఆ ఉత్తర్వును. దాన్ని నిలదీయడానికి కోర్టులూ ఢిల్లీ ధర్నాలూ కావాలి, ఖర్చవుతుంది. తల్లిని నిలదీయడానికి గుడి వాకిలి చాలు.

ఈ ముప్పై నలభై ఏళ్లుగా మా వైపు కొత్త సంఘాలు చాలా వచ్చాయి. షెడ్డు వేసి, మైకు పెట్టి, రాత్రి ప్రార్థనలు. వాళ్ల దగ్గర ఉన్న ఆప్యాయత మా పాత గుడుల్లో ఎప్పుడో తగ్గిపోయింది. జబ్బుపడిన ఇంటికి వాళ్లే ముందు పోతారు. వాళ్లతో పాటు బంగారం నియమం కూడా వచ్చింది. కమ్మలు, ముక్కుపుడక, తాళి, పూలు, గాజులు ఏవీ ఉండకూడదు. తెల్ల చీర, తలమీద ముసుగు. కేరళ పెంతెకోస్తు బోధకుల ద్వారా తెలుగునాటికి బలంగా వచ్చిన పద్ధతి ఇది. మొదట్లో ఇందులోనూ ఒక విడుదల ఉంది. నగలున్నామె, లేనామె ఒకే చాప మీద ఒకేలా కూర్చున్నారు. తమంతట తాము ఒలిచి కానుక పెట్టెలో వేసిన ఆడవాళ్లను నేనెరుగుదును. వాళ్ల ముఖంలో వెలుగు నిజమైనది.

అయితే ఈ నేలమీద ఆడదాని కమ్మలంటే అలంకారం ఒక్కటే కాదు. జూన్‌లో బ్యాంకులో కుదువ పెడితే శెనక్కాయ విత్తనం వస్తుంది. పంట వస్తే జనవరిలో చెవికి తిరిగొస్తాయి, రాకపోతే వడ్డీ కట్టి మళ్లీ ఏటికి తిప్పుతారు. మొగుడు తాగినా, కొడుకు వలసపోయినా ఆమె పేరున ఉన్న ఆస్తి ఆ రెండు గ్రాములే. వాటిని తీసేయకపోతే బాప్తిస్మం లేదు అని చెప్పే చోట, ఆమె దగ్గర తీసుకుంటున్నది ఏమిటో చెప్పేవాడికి తెలియాలి. అదే షెడ్డులో మగవాళ్ల చేతి గడియారానికీ, కొత్త బండికీ నియమం లేదు. పేతురు పత్రికలో ఆడవాళ్ల నగల మాట ఉన్నచోటే, భార్యను గౌరవించకపోతే మగవాడి ప్రార్థనకే అడ్డం వస్తుందన్న హెచ్చరిక కూడా ఉంది. దాని మీద ప్రసంగం నేను ఒక్కటి విన్నాను, అదీ ఒక ముసలి పాదిరిగారు చెప్పింది.

కట్టడి లేని సంఘం కావాలని నేను అనడం లేదు. తాగుడు మానమని, భార్యను కొట్టొద్దని, వడ్డీకి తిప్పొద్దని గట్టిగా చెప్పే సంఘం మాకు ఇప్పటికీ కావాలి. బల్ల దగ్గర ఆపాల్సిన మనిషి ఉంటాడు కూడా. ఒక నియమం ముందుకొచ్చినప్పుడు కమిటీలో నేను అడిగేది ఒకటే. దీని ఖరీదు ఎవరు కడుతున్నారు? పెట్టినవాడు కడుతున్నాడా, పాటించేవాడు కడుతున్నాడా? తాళ్లకొండపాడు వాళ్లు తమ ఆదివారం ఖరీదు తామే కట్టారు. మా జేజి ఆదివారానికి ఖరీదు కట్టమన్నవాడికి నెల తిరిగేసరికి జీతం వచ్చింది.

మొన్న మృగశిరలో వాన సరిగ్గా శనివారం రాత్రే పడింది. ఆదివారం గుడిలో సగం బెంచీలు ఖాళీ. తర్వాతి కమిటీలో క్రమశిక్షణ మాట ఎత్తారు. విత్తనాల కాలంలో ఆరాధన తెల్లవారుజామున, గంటలో ముగించాలని, పదునులో పనికి పోయినవాళ్ల పేరు రాయకూడదని నేను తీర్మానం పెట్టాను. వాదన చాలాసేపు నడిచింది. ఒప్పుకున్నారు. ఆ తర్వాత పాత పుస్తకాలు కూడా తీయమన్నాను. బల్లకు దూరం చేసి, మళ్లీ పిలవడం మరిచిపోయిన పేర్లు అందులో ఉన్నాయి. కొందరు ఊళ్లోనే ఉన్నారు, గుడికి రారు. కొందరి పిల్లలు బెంగళూరులో బేల్దారి పనుల్లో ఉన్నారు. వాళ్లు వచ్చి క్షమాపణ అడిగితే చూద్దాం అన్నారు ఒకరిద్దరు. వాళ్లు రావక్కర్లేదు, మనమే పోదామన్నాను. ఇప్పుడు వారానికొక ఇల్లు చొప్పున పోతున్నాం. పాస్టరుగారు, ఇద్దరు పెద్దలు, నేను. పోయిన చోట వాళ్లు పెట్టింది తింటున్నాం.